తిప్పి అడిగితే

మా పిన్నికి కళ్లజోళ్ల షాపు ఉంది. పెద్దదేం కాదు. ముందు గదిలో గోడల నిండా ఫ్రేములు, వెనక గదిలో ఒక కుర్చీ, ఎదురుగా వెలిగే అక్షరాల బోర్డు, మధ్యలో ఒక తెర. పాతికేళ్లుగా ఆ వెనక గదిలో నిలబడి మనుషుల కళ్లు పరీక్ష చేస్తోంది. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "అడిగినవాళ్లు సరిగ్గా అడగలేదు" అనేది. అది వేళాకోళమని చాలాకాలం అనుకున్నాను.

ఆవిడ పరీక్ష చేసే పద్ధతి వేరు. అందరిలాగే ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకొకటి పెట్టి, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడుగుతుంది. వచ్చినవాళ్లు "రెండోది" అంటారు. అక్కడితో ఊరుకోదు. అవే రెండద్దాలను చెప్పాపెట్టకుండా వరస తిప్పి మళ్లీ పెడుతుంది. చాలామంది మళ్లీ "రెండోదే" అంటారు. అంటే వాళ్లకు నచ్చింది అద్దం కాదు, చివర విన్న మాట. "చూశావుటే, కళ్లుండి కూడా చెవులతో చదువుతారు" అని నాతో నవ్వేది. తిప్పి అడిగినా అదే అద్దం అన్నవాళ్లకే చీటీ రాస్తుంది. మిగతావాళ్లను కాస్త టీ తాగి రమ్మంటుంది, లేదా రేపు రమ్మంటుంది. ఎంత బతిమాలినా బోర్డు మీదున్న అక్షరం ఏదో మాత్రం చెప్పదు. మా నాన్న ఒకసారి ఊహించి చదివి దొరికిపోయాడు. ఆయనకు ఇప్పటికీ ఆ కుర్చీ అంటే భయమే.

ఇంత తెలిసిన మనిషికి ఒక గర్వం ఉండేది. లోకంలో అందరి మనసులూ ఎవరో ఒకరు తిప్పుతూ ఉంటారనీ, తన మనసు మాత్రం తన చేతిలోనే ఉందనీ.

మా అమ్మ పిన్నికంటే ఆరేళ్లు పెద్ద. అమ్మది ఇంకో రకం. నోరు తెరిచి ఏదీ అడగదు, పని మాత్రం అయిపోతుంది. మా నాన్న తనే ఏరికోరి ఎంచుకున్నానని చెప్పుకునే ఇల్లు అమ్మ మూడేళ్ల ముందే చూసిపెట్టుకుంది. నేను బళ్లో లెక్కలు చెప్పే పనిలో చేరింది నా ఇష్టంతోనే అని మొన్నమొన్నటిదాకా నమ్మాను. చిన్నప్పుడు మా ఇంట్లో నా చేతికందే ఎత్తులో లెక్కల పొడుపు పుస్తకాలు తప్ప ఇంకేవీ ఉండేవి కావని ఈ మధ్యే గుర్తొచ్చింది. కోపం కూడా వచ్చింది. కానీ ఏం చేస్తాం, లెక్కలంటే ఇప్పుడు నిజంగానే ఇష్టం.

ఆ అమ్మ కన్ను, పిన్ని కోసం, ఫ్రేములాయన మీద పడింది.

ఫ్రేములాయన అంటే ప్రతి గురువారం పెట్టె నిండా కొత్త ఫ్రేములు పట్టుకుని పిన్ని షాపుకు వచ్చే కంపెనీ మనిషి. యాభై ఒకటో యాభై రెండో. భార్య పోయి తొమ్మిదేళ్లు. నెమ్మదస్తుడు. అబద్ధం ఆడడు, అలాగని అడగందే నిజమూ చెప్పడు. ఎనిమిదేళ్లుగా పిన్ని ఆయన్ని, "నాకివ్వడానికి స్క్రూలు ఊడిపోయే సరుకే దొరికిందా అండీ మీకు?" అని దులిపేస్తూనే ఉంది. ఆయన కిక్కురుమనకుండా జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, మూలనున్న కుంటి స్టూలు మీద కూర్చుని, అన్నీ బిగించిపెట్టి వెళ్లేవాడు.

అమ్మ ముందు గమనించింది ఏమిటంటే, ఆయన వచ్చేది పదకొండున్నరకు. ఆ వేళకు పిన్నికి ఆకలి. ఆకలి రుచి ఎరగదంటారు గాని, మా పిన్ని ఆకలి మర్యాద కూడా ఎరగదు. అదే నాలుగు గంటలకైతే భోజనమూ టీ కూడా అయ్యి వెన్నపూసలా ఉంటుంది. అమ్మ ఆయనకు ఫోన్ చేసి, ఇకనుంచి నాలుగింటికి వెళ్లమంది. పిన్నికి చిలకపచ్చ రంగంటే ప్రాణమని చెప్పి, ఆ రంగువే మూడు చొక్కాలు దగ్గరుండి కొనిపించింది. రోజుకొకసారి ఏదో వంకతో పిన్ని దగ్గర ఆయన మాట తెచ్చేది. ఇందులో నా చెయ్యి లేదని అనను. కుంటి స్టూలు తీయించి, కిటికీ పక్కన చేతుల కుర్చీ వేయించింది నేనే. అక్కడ కూర్చుంటే మొహం మీద వెలుతురు బాగా పడుతుంది.

అయిదు నెలలు తిరిగేసరికి పిన్ని బుధవారం నాడే, "రేపు గురువారమేనా?" అని అడగడం మొదలుపెట్టింది. అమ్మా నేనూ పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఊరుకున్నాం.

ఒక గురువారం ఆయన పెట్టె మూసేసి, లేవకుండా అలాగే కూర్చున్నాడట.

"వచ్చే నెల నుంచి కంపెనీ నన్ను ఇంకో వైపు వేస్తోందండీ. మీకు వేరే మనిషి వస్తాడు. మీకిష్టమైతే... నేను పెట్టె లేకుండా వస్తాను" అన్నాడట.

వచ్చే గురువారం చెబుతానంది పిన్ని. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి ఇదంతా చెబుతూ మధ్యలో రెండుసార్లు ఊరికే నవ్వింది. ఆ నవ్వు నేను పుట్టాక వినలేదు. నాకెంత సంతోషమేసిందంటే, మర్నాడు క్లాసులో తప్పు లెక్కకు కూడా మార్కులు వేసేశాను.

ఆదివారం పొద్దున పిన్ని నిప్పులు తొక్కినట్టు మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక పాత కార్డు.

"ఇదేంటో చూడు అక్కా. ఎనిమిదేళ్ల కిందట ఆయన కళ్లు నేనే పరీక్ష చేశాను. ఆయనకి పచ్చకీ మట్టిరంగుకీ తేడా తెలీదు. అందుకే ప్రతి ఫ్రేము మీదా రంగు పేరు చీటీ అంటించుకుంటాడు. అలాంటి మనిషి అయిదు నెలలుగా ఏరి ఏరి చిలకపచ్చ చొక్కాలే ఎలా వేసుకొస్తున్నాడు?"

ఆయన జీతం దగ్గర్నుంచి చెప్పుల సైజు దాకా అన్నీ కనుక్కున్న అమ్మ, ఆ ఒక్కటీ కనుక్కోలేదు. ఎలా కనుక్కుంటుంది, అది పిన్ని బీరువాలో ఉంటే!

"ఫోన్ చేసి అడిగాను. వరసగా అన్నీ చెప్పేశాడు. నాలుగు గంటలు, చొక్కాలు, కుర్చీ కూడా" అంది పిన్ని, కుర్చీ దగ్గర నావైపు చూస్తూ. నేను తేలుకుట్టిన దొంగలా తల దించుకున్నాను.

అమ్మ తేరుకుంది. "నేనేం చేశానే? తలుపు తీశాను. నడిచింది నువ్వే."

"తలుపు తీసి వెనకనుంచి గాలి కూడా విసిరావు. నడిచానో, ఆ గాలికి కొట్టుకొచ్చానో నాకెలా తెలుస్తుంది?" పిన్ని ఆ కార్డు బల్ల మీద పడేసింది. "నిజంగా ఇష్టమనుకున్నాను అక్కా. మూడు రాత్రులు సంతోషంతో నిద్రపట్టలేదు. అది నాది కాదని ఇప్పుడు తెలిసింది. వద్దని చెప్పేస్తాను."

నాకు భయమేసింది. ఆ ఫోన్లోని నవ్వు మళ్లీ వినబడదేమోనన్న భయం. అందుకే తెగించి అన్నాను.

"నాలుగింటికి టీ తాగి ఇష్టపడితే అది నీది కాదంటున్నావు. మరి ఎనిమిదేళ్లు పదకొండున్నరకి ఆకలితో ఆయన్ని తిట్టావు కదా పిన్నీ. ఆ కోపం మాత్రం నీదని ఎవరు చెప్పారు? అది ఆకలిది కాదూ?"

పిన్ని నన్ను కొట్టేలా చూసింది. తర్వాత కూర్చుంది. అమ్మ టీ కప్పు ముందుకు జరిపితే వెనక్కి తోసేసింది. అనుమానం వచ్చాక టీ కూడా శత్రువే.

బుధవారం ఫోన్ చేసింది. "రేపు బడికి సెలవు పెట్టి రా. సాక్షి కావాలి. మీ అమ్మ గుమ్మం దాటకూడదు."

"ఏం చేస్తావు?"

"ఏముంది, అద్దాలు తిప్పుతాను. ఏ గంట మనసూ పూర్తిగా నాది కాదేమో. సరే. అయినా రెండద్దాల్లోంచీ ఒకే అక్షరం కనబడితే, ఆ అక్షరం బోర్డు మీద ఉన్నట్టే కదుటే."

వెళ్లేసరికి పిన్ని పొద్దుటినుంచి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. చేతుల కుర్చీ వెనక గదిలోకి పోయింది. కుంటి స్టూలు తిరిగొచ్చింది. కిటికీ తెర దించేసి ఉంది. షాపులో ఒకావిడ, ముక్కు దగ్గర గుచ్చుకుంటోందని నాలుగో ఫ్రేము మార్పిస్తోంది. పిన్ని కళ్లు అప్పటికే ఎర్రబడ్డాయి.

సరిగ్గా పదకొండున్నరకు ఫ్రేములాయన వచ్చాడు. ఆ వేళకు రమ్మన్నదీ, ఎవరి సలహా లేకుండా సొంతంగా కొన్న చొక్కా వేసుకు రమ్మన్నదీ పిన్నే. చొక్కా చూసి అంతా అయిపోయిందనుకున్నాను. పాత ఇనప గేటుకు పట్టిన తుప్పు రంగు.

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. అది ఒరిగింది. జేబులోంచి కాగితం తీసి మడిచి కాలు కింద పెట్టాడు.

"పోయినసారి తెచ్చిన వాటిలో మూడింటికి స్క్రూలు ఊడాయి" అంది పిన్ని.

"ఇటివ్వండి" అన్నాడు.

బిగిస్తున్నంతసేపూ పిన్ని కడుపులో ఆకలి కేక నాకు కూడా వినబడింది. మూడోది బిగించి ఇస్తుంటే పిన్ని అంది, "ఇప్పుడు అడగండి."

"ఇప్పుడా? వీళ్లందరి ముందా?"

"ఇప్పుడే."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "వద్దా, చేసుకుందామా?"

"చేసుకుందాం" అంది పిన్ని. నేను లేవబోయాను. చెయ్యి ఎత్తి ఆపింది. "చివరి మాట పట్టుకున్నానేమో. తిప్పి అడగండి."

ఆయన మొహాన చెమట పట్టింది. "చేసుకుందామా... వద్దా?"

పిన్ని బోర్డు వైపు చూసే మనుషుల్లాగే ఆయన్ని కళ్లు చికిలించి చూసింది. ఫ్రేము మార్పించుకుంటున్నావిడ ముక్కు సంగతి మర్చిపోయింది. ఆ మాట ఎంతసేపటికీ రాకపోతే నేనే అరిచి చెప్పేద్దామనిపించింది. పళ్లు బిగించి కూర్చున్నాను.

"చేసుకుందాం" అంది పిన్ని. "తిప్పినా అదే."

తర్వాత ఆ ఫోన్లో విన్న నవ్వు నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఆ కొత్తావిడ కూడా ఎందుకో కళ్లు తుడుచుకుంది. నాలుగో ఫ్రేమే బాగుందని తీసేసుకుంది.

ఫ్రేములాయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకోబోయి ఆగాడు. కాలరు సవరించుకుని, కాస్త సిగ్గుపడుతూ అడిగాడు.

"అన్నట్టు, ఈ చొక్కా చిలకపచ్చే కదండీ? కొట్లో ఎవర్నైనా అడుగుదామనుకున్నాను. మీరు సొంతంగా కొనమన్నారని అడగలేదు. గంటసేపు చూసి చూసి ఇది ఎంచుకున్నాను."

పాతికేళ్లలో ఏ మనిషికీ బోర్డు మీద అక్షరం చెప్పని మా పిన్ని, ఆ తుప్పు రంగు చొక్కాను కాలరు నుంచి కింది అంచుదాకా తీరిగ్గా చూసింది.

"చిలకపచ్చే" అంది. "బాగా ఎంచుకున్నారు."

నావైపు తిరిగి, నోరు విప్పావో చంపుతానన్నట్టు కళ్లెర్రజేసింది.