మూతపడ్డ బట్టల ఫ్యాక్టరీకి రూబీ వేసిన పథకం

1996లో, దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ రాష్ట్రంలో అందరూ ఓటు వేసే మొదటి స్థానిక ఎన్నికలు జరగబోతున్న రోజుల్లో, నేను ఉత్తర తీరంలోని ఒక చెరకు పట్టణంలో సహాయ ప్రణాళికాధికారిగా ఉన్నాను. డర్బన్ నగరం నుంచి వస్తే స్టాంగర్‌కు కాస్త ఇవతల ఉంటుంది ఆ ఊరు. కాకినాడలో పురపాలక ఉద్యోగం వదిలి, అంతకు ముందు ఏడాదే కాంట్రాక్టు మీద వచ్చాను. ఏ స్థలంలో ఏమి కట్టవచ్చో, ఏ వ్యాపారం చేయవచ్చో నిర్ణయించే పటాన్ని కాపాడటం మా శాఖ పని. ఇళ్ళకు ఒక జోను, దుకాణాలకు ఒకటి, ఫ్యాక్టరీలకు ఒకటి. మనుషులను రంగును బట్టి వేరుచేసిన కాలంలో గీసిన గీతలవి. చట్టం మారింది గాని మా గోడ మీది పటం ఇంకా మారలేదు.

ఎన్నికల సమయంలో మాకొక నియమం ఉండేది. ఏ అభ్యర్థి వచ్చి అడిగినా వాస్తవం చెప్పాలి, అభిప్రాయం చెప్పకూడదు. మా పై అధికారి, పదవీ విరమణకు దగ్గరపడిన తెల్లాయన, టీ తాగినప్పుడల్లా దాన్ని గుర్తుచేసేవాడు. "అభ్యర్థి నవ్వితే నువ్వూ నవ్వు. తల మాత్రం ఊపకు" అనేవాడు.

వచ్చిన అభ్యర్థులు ఎక్కువగా సముద్రపు ఒడ్డున హోటళ్ళ గురించి, విదేశీ పెట్టుబడుల గురించి అడిగేవారు. రూబీ అప్పలసామి మాత్రం మూతపడ్డ బట్టల ఫ్యాక్టరీ గురించి అడిగింది. ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. ఆ ఫ్యాక్టరీలోనే కుట్టు మిషన్ల వరుసకు సూపర్‌వైజరుగా పనిచేసింది. బయటి దేశాల చవక బట్టలు దిగడంతో అది మూతపడింది. ఏ పార్టీ తరఫునా కాక, స్వతంత్రంగా నిలబడింది. ఇంగ్లీషులో మొదలుపెట్టి, నా పేరు విని ఆగింది.

"నువ్వు మా తాత దేశం మనిషివా? నాకు తెలుగు కొంచెమే వస్తాది. మా అవ్వ తిట్టింది అంతా తెలుసు" అంది.

ఫ్యాక్టరీ హాలును చిన్న చిన్న గదులుగా చేసి, పని పోయిన ఆడవాళ్ళకు ఇవ్వాలని, వాళ్ళు కుట్టిన బట్టలు అక్కడే అమ్మాలని ఆమె పథకం. జనవరిలో బడులు తెరిచేలోగా ప్రారంభిస్తామని పోస్టర్లు కూడా వేసింది. కొనేదెవరని అడిగాను. అది అభిప్రాయం కాదు, ప్రశ్న, నియమం ఒప్పుకుంటుందనుకున్నాను.

"రా అన్నా, చూపిస్తాను" అంది.

తన పాత బక్కీలో, అంటే వెనక సామాను తొట్టి ఉన్న బండిలో, నన్ను ట్యాక్సీల స్టాండుకు తీసుకెళ్ళింది. ఫ్యాక్టరీ వెనక గోడకు ఎదురుగానే ఉంది అది. చెరకు తోటల నుంచి వచ్చిన ట్యాక్సీ వ్యానుల్లోంచి పిల్లలు దిగుతున్నారు. అంతకు ముందు పట్టణంలోని బడులు నల్లవాళ్ళని వాళ్ళను చేర్చుకునేవి కావు, ఇప్పుడు చేర్చుకుంటున్నాయి. ఒక పిల్లవాడి బడి యూనిఫారం కోటు మోకాళ్ళు దాటింది. ఇంకొకడి కోటుకు మోచేతుల దగ్గర వేరే రంగు అతుకులున్నాయి. పట్టణంలో యూనిఫారాలు అమ్మే దుకాణం ఒక్కటే. దాని యజమాని పిళ్ళే డర్బన్ నుంచి సరుకు తెప్పించేవాడు. రూబీకి ఎన్నికల్లో పోటీ కూడా ఆయనే.

మర్నాడు ఫ్యాక్టరీని కొలిచాను. రెండు చిక్కులు కనిపించాయి. అది పరిశ్రమల జోను. అక్కడ చిల్లర అమ్మకం సాగాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. దానికి పత్రికలో ప్రకటన వేయాలి, అభ్యంతరాలు వినాలి, తర్వాత కౌన్సిల్ తీర్మానం చేయాలి. రెండోది, నిప్పంటుకుంటే జనం బయటపడటానికి దారులు చాలవు. గోడ పగలగొట్టి కొత్త తలుపులు పెట్టాలి. జనవరికి అయ్యే పని కాదు. ఆ మాటే ఆమెకు చెప్పాను.

"పోస్టరు మీద అబద్దం రాసినానా అయితే?" అంది నెమ్మదిగా.

శనివారం బడి హాల్లో బహిరంగ సభ జరిగింది. వాస్తవాలు చెప్పడానికి మా పై అధికారి, నేను ఒక పక్కన కూర్చున్నాం. సభకు ముందు రూబీ మరిది రాజు, ఆమె ప్రచారం చూసేవాడు, తలుపు దగ్గర బతిమాలుతున్నాడు. "వదినా, జనవరి సంగతి ఎత్తకు. గెలిచినాక చెప్పు."

స్టాండులో కూరగాయలు అమ్మే మా న్గోబో (అక్కడ పెద్దావిడను 'మా', అంటే అమ్మ, అని పిలుస్తారు) లేచి జులూ భాషలో అడిగింది. ఒక టీచరు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు: లోపల మిషన్లు పెడతారు సరే, మాకు చోటెక్కడ? జనవరికి నిజంగా తెరుస్తారా?

రూబీ మరిది వైపు చూడలేదు. "జనవరికి కాదు, మా. నేను తప్పు చెప్పాను" అని, నా వైపు తిరిగి ఎందుకు కాదో చెప్పమంది. నేను లేచి జోను గురించి, తలుపుల గురించి వివరించాను. హాలంతా గోల. వెనక వరుసలో పిళ్ళే మనుషులు చప్పట్లు కొట్టారు.

కొలతల్లో నేను చూసింది ఇంకొకటి ఉంది. స్టాండు వైపు, లారీలకు సరుకు ఎక్కించే వెడల్పాటి వరండా. మూడు పక్కలా గోడ లేదు కాబట్టి తలుపుల నిబంధన దానికి తగలదు. అక్కడ కూరగాయలు అమ్మడానికి జోను అనుమతి అక్కర్లేదు, వీధి వ్యాపారుల లైసెన్సు చాలు, దానికి పట్టే సమయం తక్కువ. చెప్పవచ్చా అని ఒక్క క్షణం ఆలోచించాను. అది వాస్తవమే, చెప్పాను. మా పై అధికారి నా వైపు చూసి, మళ్ళీ కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"హౌ!" అని జులూవాళ్ళ తీరులో ఆశ్చర్యపడి, "ముందే చెప్పొచ్చుగా" అంది మా న్గోబో. అందరూ నవ్వారు.

రూబీ ఓడిపోయింది. ఆ సభ వల్లనే అని రాజు చాలాకాలం అనేవాడు. నిజమో కాదో నాకు తెలియదు. ఫలితాలు వచ్చిన వారంలోనే ఆమె మామూలు దరఖాస్తుదారుగా మా కౌంటరు దగ్గర నిలబడింది. కొత్త కౌన్సిలరు పిళ్ళే అభ్యంతరం పెడతాడని ఆఫీసులో అందరం అనుకున్నాం.

ఆయన గడువు లోపలే వచ్చాడు. అభ్యంతరం గురించి ఎత్తకుండా, ఫ్యాక్టరీ హాలు నుంచి బ్యాంకుకూ పోస్టాఫీసుకూ జనం ఏ దారిన నడుస్తారని అడిగాడు. పటం మీద చూపించాను. దారి ఆయన దుకాణం ముందు నుంచే పోతుంది. ఆయన కాసేపు అక్కడే వేలు పెట్టి నిలబడి, థాంక్యూ చెప్పి వెళ్ళిపోయాడు. అభ్యంతరం రాలేదు. తీర్మానం రోజున, తనకూ అదే వ్యాపారం ఉంది కాబట్టి, నిబంధన ప్రకారం లేచి బయటికి వెళ్ళాడు.

వరండాలో కూరగాయల బజారు ముందుగా మొదలైంది. హాలు తెరవడం మాత్రం పోస్టరు చెప్పినదానికంటే ఏడాది ఆలస్యమైంది. పని పోయినవాళ్ళందరికీ చోటు దొరకలేదు. యూనిఫారాల వ్యాపారం కొన్నేళ్ళు బాగా నడిచి, డర్బన్‌లోని పెద్ద దుకాణాల పోటీకి తగ్గింది. నేను రిటైరయ్యేనాటికి హాల్లో మిషన్లు కొన్నే తిరుగుతుండేవి. వరండాలో మాత్రం నిలబడటానికి చోటుండేది కాదు.

పట్టణానికి ప్రాణం పోస్తామనే పథకాలు ఆ తర్వాత చాలా చూశాను. దేన్ని చూసినా మొదట అడిగేవి రెండే: కొనేవాళ్ళు ఎక్కడ దిగుతారు, ఎటు నడుస్తారు? ఆ రెంటికీ జవాబుంటే మిగతాది ఆలస్యంగానైనా, అనుకున్నట్టు కాకపోయినా, జరుగుతుంది. ఎవరు గెలుస్తారన్నది అంతగా లెక్కలోకి రాదు. ఇది నా అభిప్రాయం, ఇప్పుడు చెప్పవచ్చు.