అఖిల ముట్టొద్దన్న తలుపు

దయ్యం గాలి సోకిందని మనుషులను కొండగట్టు గుడికి తీసుకొస్తారు. మాది పక్కనే జగిత్యాల, చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. జుట్టు విరబోసుకుని ఊగే ఆడవాళ్లను చూసి, ఇది జబ్బు, దవాఖానకు తీసుకుపోవాలి అని పక్కవాళ్లకు పాఠం చెప్పేవాణ్ణి. ఇప్పటికీ అదే చెబుతాను. దయ్యాలు ఉన్నాయని నాకు జరిగినదాన్ని చూపించి ఎవరైనా అంటే వాళ్లతో వాదిస్తాను కూడా. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి.

అప్పట్లో నా ఉద్యోగం తలుపులకు సర్టిఫికెట్ ఇవ్వడం. షెడ్లలో, ఫ్యాక్టరీల్లో మంటను కొంతసేపు ఆపడానికి ప్రత్యేకంగా తలుపులు పెడతారు. పైకి మామూలు తలుపుల్లాగే ఉంటాయి, లోపల మాత్రం మంట అంటుకోని పలకలు నింపుతారు. మా కంపెనీ ఒక నమూనా తలుపును కొలిమి గోడకు బిగించి ఒక పక్క మంట పెడుతుంది. రెండో పక్క ఎంత వేడెక్కుతుందో చూస్తారు. సందుల దగ్గర దూది పెడతారు. దూది అంటుకుంటే ఆ తలుపు పనికిరానట్టే. నమూనా నెగ్గిన తర్వాత నా వంతు. షెడ్డులో బిగించినవి కూడా అవే తలుపులా కాదా అని వెళ్లి చూడాలి. అంచున సన్నటి బొక్క వేస్తే లోపల ఏముందో తెలిసిపోతుంది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో సిరిసిల్లలో ఒక కుట్టు షెడ్డు తలుపులు చూడాల్సి వచ్చింది. బస్సులు లేవు. కానీ నాకు మోటార్‌సైకిల్ ఉంది. ఆ రోజు జగిత్యాలలో సమ్మెకు మద్దతుగా రోడ్డు మీదే వంటావార్పు. నేను విస్తరి ముందు కూర్చుని ఉండగా షెడ్డు యజమాని ఫోన్ చేశాడు. రోడ్లన్నీ బంద్ ఉన్నాయి, పెట్టినవి ఆ తలుపులే, మీరొచ్చి చూసేదేముంది అన్నాడు. సరే అన్నాను. పనికి పోవా అని పక్కనున్న దోస్తు అడిగితే, "తెలంగాణ కంటె ఎక్కువనా?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు భుజం తట్టారు. ఇంటికి వెళ్లి, చూసినట్టు రాసి సంతకం పెట్టాను. నా బద్ధకానికి ఉద్యమం పేరు పెట్టుకున్నాను.

సమ్మె వల్ల బడులు మూసి ఉన్నాయి. ఆ షెడ్డులో బట్టలు కుట్టే పద్మ, ఏడేళ్ల కూతురు అఖిలను వెంట తెచ్చుకునేది. కరెంటు లేక జనరేటర్ మీద పని నడుస్తోంది. ఒక మధ్యాహ్నం జనరేటర్ గదిలో మంట లేచింది. ఆ గదికీ పైకి వెళ్లే మెట్లకూ మధ్య ఉన్నది నేను చూడని తలుపు. దాని లోపల నింపింది అట్టలూ రంపపు పొట్టూ. మెట్ల కింద ఆడుకుంటున్న అఖిల సందుల్లోంచి వచ్చే పొగ చూసింది. అమ్మ పైన ఉందని, మంట బయటికి రాకుండా తలుపును రెండు చేతులతో ఒత్తి పట్టుకుంది. చేతులు కాలితే వెనక్కి తిరిగి వీపు ఆనించింది. పైనున్న ఆడవాళ్లందరూ వెనక మెట్ల మీదుగా దిగి బతికారు. తలుపు చేయాల్సిన పని ఆ పిల్ల చేసింది.

నన్నెవరూ ఏమీ అడగలేదు. నమూనా నెగ్గింది, సంతకం ఉంది. అంతటితో సరి.

పద్మ భర్త దుబాయిలో ఉండేవాడు. ఆమె కాలిన కూతుర్ని తీసుకుని కోరుట్లలో తల్లి దగ్గరికి వచ్చేసింది. నేనొక పాత కారు కొన్నాను. జగిత్యాల, కోరుట్ల వైపు కాలిన పిల్లలు ఎవరున్నా కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయి కట్లు మార్పించేవాణ్ణి. మచ్చలు గట్టిపడకుండా వేసే బిగుతు చొక్కాలు కొనిచ్చేవాణ్ణి. ఒకసారి రాస్తారోకో దగ్గర కుర్రాళ్లు కారు ఆపారు. వెనక సీట్లో బోర్లా పడుకున్న అఖిలను చూసి దారి ఇచ్చారు. "మీ అసొంటోళ్లు ఉండాలె సార్," అన్నాడొకడు. పద్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

నేనెవరో ఆమెకు చెప్పలేదు. ప్రతిసారీ చెబుదామనే బయలుదేరి, వాళ్లను ఇంటి ముందు దింపి తిరిగి వచ్చేవాణ్ణి. చెబితే నా కారు ఎక్కదేమో, వైద్యం ఆగి పిల్ల వేళ్లు ముడుచుకుపోతాయేమో అనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, మంచివాణ్ణి అనిపించుకోవడం నాకు అలవాటైంది.

చలికాలం, మబ్బు పట్టిన పగలు. పద్మ తల్లి అరుగు మీద బీడీలు చుడుతోంది. అఖిల ముందు గదిలో కూర్చుని, వేళ్లు సాగడానికి గోధుమపిండి ముద్ద పిసుకుతోంది. మందు డబ్బా లోపలి గదిలో ఉందని పద్మ చెబితే తేవడానికి లేచాను. ఆ గది తలుపు దగ్గరికి వేసి ఉంది.

"సార్, ముట్టకు. కాలుతది," అంది అఖిల.

"ఏం కాలదు బిడ్డా," అని నవ్వి, అరచేయి ఆనించి తోశాను.

కాలింది. పొయ్యి మీది పెనం ముట్టుకున్నట్టు కాలింది. అరిచాను. తలుపు తెరుచుకుంది. లోపల మంట లేదు, పొయ్యి లేదు. ఎండ కూడా లేదు. గోడ పక్కన బియ్యం మూటలు, నీళ్ల కుండ ఉన్నాయి. పద్మ వచ్చి తలుపు ముట్టుకుని చూసింది. చల్లగా ఉందంది. నేను రెండో చేత్తో ముట్టుకున్నాను. నిజమే, చల్లగా ఉంది. కానీ నా కుడి అరచేయి పొక్కింది. తెల్లారి చూసిన కంపౌండర్, వంట మీరే చేసుకుంటున్నారా సార్ అని నవ్వాడు.

పద్మ నన్ను కూర్చోబెట్టి చెయ్యి మీద నీళ్లు పోసింది. బిడ్డకు రాసే మందే నాకు రాయడం మొదలుపెట్టింది. అప్పుడిక ఆగలేకపోయాను. ఫోను సంగతి, సంతకం సంగతి చెప్పేశాను.

"నాకెరుకే," అంది. మందు రాయడం ఆపలేదు. "షెడ్డు కాలినంక బిడ్డ బట్టల కోసం పోయిన. మిగిలిన తలుపుకు నువ్వు బొక్క ఏస్తున్నవ్. కాలినంక చూడవడితివి. నేను గేటు కాడ్నే ఉన్న."

మరి ఇన్నాళ్లూ ఎందుకు అనలేదని అడిగాను.

"అంటే మల్ల అచ్చేటోనివా? గా ఈపుతోటి పోరి బస్సుల కూసుంటదా? నాకు నీ కారు గావాలె సార్. నువ్వు గాదు."

నన్ను క్షమిస్తావా అని అడగబోయాను. అడగబోయేది ఆమెకు ముందే తెలిసిపోయింది.

"గదొక్కటి అడుగకు," అంది. "సోమారం కట్టు ఉన్నది. జల్ది రా."

వెళ్లాను. ఆ తర్వాత కూడా వెళుతూనే ఉన్నాను. ఆపరేషన్ తర్వాత అఖిల వేళ్లు చాలావరకు తెరుచుకున్నాయి, రెండు మాత్రం తెరుచుకోలేదు. పద్మ ఎన్నడూ నన్ను మంచినీళ్లు తాగుతావా అని అడగలేదు.

అఖిల ఎందుకు ముట్టొద్దన్నదో నాకు అర్థమైంది. మూసి ఉన్న ప్రతి తలుపుకూ ఆ పిల్ల భయపడుతుంది. నా పొక్కుల సంగతే అర్థం కాలేదు. మనసులో ఉన్నది ఒంటి మీదికి వస్తుందా అని కట్టు కట్టే డాక్టరునే అడిగాను. బాధపడితే చర్మం పొక్కదు, వేడి తగిలితేనే పొక్కుతుంది అన్నాడాయన. అది నాకూ తెలుసు. తలుపుల వేడిని కొలిచే కంపెనీలోనే కదా నేను పనిచేసింది.

ఆ తలుపును తర్వాత చాలాసార్లు ముట్టుకున్నాను. ఎవరూ లేనప్పుడు కావాలనే అరచేయి ఆనించి నిలబడ్డాను. చల్లటి కర్ర, అంతే. ఆ రోజు ఎందుకు కాలిందో నాకు తెలియదు. మళ్లీ ఒక్కసారైనా ఎందుకు కాలలేదో అదీ తెలియదు.