నూట ముప్పై ఏడులో ఒక్క ఓటు

మాజీ ఎమ్మెల్యే ఆత్మారాంకు మనుషుల పేర్లు గుర్తుండవు. ఓట్లు గుర్తుంటాయి. ఎదురుపడ్డవాళ్లను ఏ ఊరని అడుగుతారు. ఊరు చెప్పగానే కళ్లు మూసుకుంటారు. "ఓహో, నూట పన్నెండో బూత్! నాకు మూడొందల నలభై, అవతలాయనకు రెండొందల తొంభై. ఏం నూటపన్నెండూ, బాగున్నవా?" అని భుజం తడతారు. ఇక ఆ మనిషి ఎంత పెద్ద పటేలైనా సరే, ఆ పూటకు నూటపన్నెండే.

బోధన్ వైపు ఆరుసార్లు పోటీ చేసి, రెండుసార్లు గెలిచి, నాలుగుసార్లు ఓడిన మనిషి ఆయన. ఆ ఆరు ఎన్నికల్లో ఏ బూత్‌లో ఎన్ని పడ్డాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. ఇరవై రెండేళ్లు ఆయన జీపు నడిపిన నాగేందర్‌ పేరు మాత్రం గుర్తుండేది. దానికీ కారణముంది. నాగేందర్ ఓటు నియోజకవర్గం బయట కమ్మర్‌పల్లిలో. పిలవడానికి నంబరు లేదు.

ఆత్మారాం భార్య ఉమారాణి పుట్టిల్లు కూడా అటువైపే. ఒకసారి ఆమెకు కోపమొచ్చింది.

"పెండ్లై నలభై ఏండ్లాయె. నా పుట్టినరోజు ఎన్నడన్న యాదికున్నదా మీకు?"

"నువ్వు పుట్టింది మన నియోజకవర్గంల కాదు గద ఉమా" అన్నారాయన, ఎంతో న్యాయంగా.

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో డాక్టరు ఒకసారి ఆయన చేతికి పట్టీ చుట్టి, "బీపీ నూట అరవై ఉంది సార్" అన్నాడు.

"నవీపేట్ దిక్కు ఒక బూత్‌ల నాకు గన్నే వచ్చినయి. కింద ఎంత?"

"తొంభై ఐదు."

"అంటే అరవై ఐదు మెజారిటీ! ఇంక భయమెందుకు డాక్టర్ సాబ్?"

నాగేందర్ పెళ్లికి పెద్దమనిషిగా వచ్చి అక్షింతలు వేస్తూ, పెళ్లికూతురు శిరీషది ఏ ఊరో కనుక్కున్నారు. పందిట్లో మైకు ఉన్న సంగతి మరిచి, "మీ ఊళ్ల నాకు పదకొండే పడ్డయి. అయినా పిల్ల మంచిగనే ఉన్నది" అన్నారు. శిరీష ఇప్పటికీ పుట్టింటివాళ్లు వచ్చినప్పుడల్లా ఆ మాట చెప్పి నవ్విస్తుంది.

ఆ రోజులు తలచుకుంటే నాగేందర్‌కు ముందు గుర్తొచ్చేది వాసన. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే క్రషింగ్ కాలంలో జీపు బోధన్ దగ్గరికి వస్తుండగానే కాగే చెరకు రసం వాసన ముఖానికి తగిలేది. రోడ్డుకు ఒక పక్కన మైలు పొడవున చెరకు బండ్లు. ఎడ్లు నెమరేస్తూ, బండి కింద గొంగడి పరుచుకుని రైతులు. ఆత్మారాం ప్రతి బండి దగ్గరా జీపు ఆపించి నంబరు పెట్టి పలకరించేవారు. ఫర్లాంగు దూరం పోవడానికి పూట పట్టేది.

ఆ బండ్ల గురించే ఒకసారి అసెంబ్లీలో లేచారు. "అధ్యక్షా! తొంభై నాలుగు రెండొద్దుల సంది లైన్ల నిలవడ్డది. ఎడ్లకు నీళ్లు లెవ్వు!"

"తొంభై నాలుగు అంటే ఏ ఊరు?" అని అడిగారు స్పీకరు.

"ఊరి పేరు మా డ్రైవర్‌ను అడగాలె అధ్యక్షా."

సభ అంతా నవ్వింది. నవ్వితే నవ్వింది గాని, నెల తిరక్కుండా ఆ రోడ్డు వెంట నాలుగు నీళ్ల తొట్లు కట్టించారు. ఇప్పుడు ఫ్యాక్టరీ మూతపడి చెరకు బండ్లు లేవు, ఆ వాసనా లేదు. తొట్లలో గేదెలు నీళ్లు తాగుతున్నాయి.

ఆరోసారి పోటీ చేసి ఓడిన ఎన్నికల ముచ్చట మాత్రం వేరు. కందకుర్తికి పోయే దారికి దగ్గర్లో ఒక ఊరుంది. పేరెందుకు, ఆత్మారాం లెక్కలో అది నూట ముప్పై ఏడు. ఫంక్షన్ హాలు కట్టిస్తానని అవతలి అభ్యర్థి మాటిస్తే, ఊరంతా ఆయనకే ఓటెయ్యాలని ఊరి కమిటీ తీర్మానం చేసింది. ఫలితం వచ్చింది. ఆయనకు ఆరు వందల పదకొండు. ఆత్మారాంకు ఒకటి.

ఓడిన మనిషి ఎగిరి గంతేశారు. "సూసినవా నాగేందర్! ఊరంతా ఒక్కటైనంక గూడ ఒక్కరు నిలవడ్డరు!"

మూడో రోజు నాగేందర్ బోధన్ హోటల్లో చాయ్ తాగుతూ మిగతా కథ విన్నాడు. ఆ ఒక్కరు ఎవరని ఊళ్లో వెతుకులాట మొదలైందట. బీడీలు చుట్టుకుని బతికే గంగుబాయి మీద అనుమానమట. ఎప్పుడో ఆమె పింఛన్ కాగితం మీద ఆత్మారాం సంతకం పెట్టారు, అదే సాక్ష్యం. మర్నాడు పొద్దున చావడిలో తేలుస్తారు. తేలితే ఆమెతో ఊళ్లో ఎవరూ మాట్లాడకూడదు, దుకాణంలో ఉప్పు కూడా అమ్మకూడదు.

నాగేందర్ నేరుగా వచ్చి సంగతి ఆత్మారాం చెవిన వేశాడు.

"పోలీసులకు చెప్దామా సార్?"

"పోలీసులు వచ్చి పోతరు. ఆమె ఆ ఊళ్లెనే ఉండాలె గద. పొద్దుగాల బండి తియ్యి."

ముందు గంగుబాయి ఇంటికే వెళ్లారు. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది గాని, చేతిలో ఆకు కదలడం లేదు. ఆయన్ను చూడగానే ఏడుపు అందుకుంది.

"సారూ, నేను గూడ కమిటోళ్లు చెప్పినట్టే ఏసిన. మీకు ఏయలే. మైసమ్మ తల్లి మీద ఒట్టు! ఎంత చెప్పినా ఎవలు నమ్ముతలేరు."

నాగేందర్‌కు నీరసం వచ్చింది. బయటికి రాగానే, "ఆమె మనకు ఏయనే లేదట సార్. ఇంక మనకెందుకు ఈ లొల్లి? వాపస్ పోదాం" అన్నాడు.

"ఏసినోళ్లకే చేస్తనంటే, గెలిచిన రెండుసార్లు గూడ సగం ఊళ్లకు నీళ్లు ఇయ్యకపోదును గద నాగేందర్" అని ఆయన చావడి వైపు నడిచారు.

చావడిలో యాభై మంది దాకా ఉన్నారు. నడుమ కుర్చీలో కమిటీ పెద్ద దేవన్న. ఆత్మారాం నేరుగా వెళ్లి దేవన్నను గట్టిగా కౌగిలించుకున్నారు.

"నూట ముప్పై ఏడూ! ఒక్కటేసినా మనసుతోని ఏసినవు! నీ మేలు మరువ!"

దేవన్న ముఖం సున్నం కొట్టినట్టయింది. "నేనా? నేను గాదు సార్! నేనెందుకేస్త?"

"సారు ఓట్ల లెక్క ఎన్నడు తప్పలే" అని వెనక నుంచి ఎవరో గొణిగారు. యాభై జతల కళ్లు దేవన్న మీదికి తిరిగాయి.

అప్పటికే ఆత్మారాం పక్కనున్న దశరథం చేతులు పట్టుకున్నారు. దశరథం కమిటీలో రెండో మనిషి. "లేకుంటే నువ్వా నూట ముప్పై ఏడూ? నీ ముఖం జూస్తె నువ్వే అనిపిస్తున్నది." దశరథం చేతులు విడిపించుకునేలోపు మూడో సభ్యుడికి దండం పెట్టారు. "నువ్వా నూట ముప్పై ఏడూ?" అలా వరసగా కమిటీ అంతటికీ దండాలు పెట్టుకుంటూ పోయారు.

దశరథం తట్టుకోలేకపోయాడు. "ఒక్క ఓటుకు ఇంతమందికి దండం పెడుతరేంది సార్?"

"ఎవలు ఏసిన్రో తెల్వనప్పుడు అందరికి పెట్టాలె గద! మీరు తేల్చి చెప్పుండ్రి, ఆ ఒక్కరికే పెడ్త. ఒక్కొక్కరు లేచి ఒట్టేసి చెప్పుండ్రి. కమిటీ నుంచే షురూ చేద్దామా?"

ఎవరూ లేవలేదు. నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు ముందు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు, తర్వాత కొంగులు తీసేసి నవ్వారు. దేవన్న తువ్వాలతో మెడ తుడుచుకుని లేచాడు. "ఇగ ఈ ముచ్చట బంద్. గంగుబాయిని ఎవలు ఏమనొద్దు. నడువుండ్రి, పనులు జూసుకోండ్రి" అన్నాడు.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం దేవన్న నిజామాబాద్‌లోని ఆత్మారాం ఇంటికొచ్చాడు. చేతిలో బెల్లం ముద్ద. ఉమారాణి చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లేదాకా ఆగి, వరండా మెట్ల మీద కూర్చున్న నాగేందర్ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"సార్, మీకెట్ల తెలిసింది?"

"ఏంది?"

"ఆ ఓటు నాదని."

ఆత్మారాం చేతిలో కప్పు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"మా తమ్ముడు దుబాయిల పానం ఇడిస్తే, మేము అవతలి పార్టోళ్లమని తెలిసి గూడ ఐదొద్దులల్ల శవాన్ని ఇంటికి తెప్పిచ్చిన్రు మీరు. మిషిన్ ముంగట నిలవడ్డంక వేలు ఇంకోదిక్కు పోలేదు సార్. గంగుబాయి పేరు లేసినప్పుడు నోరు పెగలక చచ్చిన. మీరొచ్చి అందరి ముంగట నన్నే వట్టుకునేసరికి, అయిపోయింది నా పని అనుకున్న."

ఆత్మారాంకు నవ్వు ఆగలేదు. చాయ్ చొక్కా మీద ఒలికింది. ఏమైందోనని ఉమారాణి లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. నాగేందర్ మెట్ల మీద పొట్ట పట్టుకున్నాడు.

కాస్త తేరుకున్నాక ఆత్మారాం అడిగారు. "మరి ఊళ్లె ఎతుకుడు నిజంగనే బందైందా?"

దేవన్న కూడా మెల్లగా నవ్వాడు.

"లేదు సార్, దశరథం ఊకుంటలేడు. కడకు గుట్టుగ ఎతకుమని కమిటీ ఒకరికే అప్పజెప్పింది."

"ఎవరికి?"

"నాకే."