చప్పట్లకు పిలిస్తే గొంతెత్తినవాణ్ణి

ఖతర్‌లో నేను వడ్రంగిగా బిగించిన తలుపులు ఇప్పటికీ చక్కగా మూసుకుంటున్నాయని విన్నాను. మూసుకోనిది నా నోరొక్కటే. దానివల్ల ఒక టీవీ బృందం పాటల ఆల్బం ఎలా అల్లకల్లోలమైందో, ఆ గోల సముద్రం దాటి జగిత్యాల పక్కనున్న మా ఊరి దాకా ఎలా వెళ్ళిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఊరంతా నవ్వాక మీరే మిగిలారు.

అవి చమురు డబ్బు పొంగిపొర్లుతున్న రోజులు. ఇవాళ ఇసుక ఉన్నచోట రేపటికి విల్లా లేచేది. మా కూలీల క్యాంపు ముఐథర్ అనే పేటలో. పని గురించి నాకు బెంగ లేదు. బెంగంతా మా ఊరి భజన మండలి గురించి. అందులో నేను వంత. గురువు ఎల్లయ్య తాత ఒక చరణం పాడి ఆపగానే దాన్ని గట్టిగా అందుకోవాలి. ఆ ఖాళీని వదిలేస్తే పాడినవాడికి అవమానం. పదేళ్ళలో ఒక్క ఖాళీ వదల్లేదు నేను! అలాంటిది, నా భార్య రాజవ్వ రాయించిన ఉత్తరంలో ఇలా ఉంది: “దుబాయ్‌ల ఇసుక మింగి బావ గొంతు పోయుంటది, ఆ జాగ ఇగ నాదే అంటుండు మా తమ్ముడు గంగారాం. దసరా దాక సూస్తమన్నడు తాత.”

మా ఊళ్ళో గల్ఫ్ దేశమేదైనా దుబాయే. ఆ ఉత్తరం చదివాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. ఎలాగైనా నా గొంతు ఊరికి పంపాలి.

అక్కడి టీవీలో వారం వారం ఒక నవ్వుల కార్యక్రమం వచ్చేది. అందులో నలుగురు కుర్రాళ్ళు బెల్‌బాటం ప్యాంట్లు వేసుకుని పాడేవారు. కార్యక్రమం కన్నా వాళ్ళ పాటలకే ఎక్కువ పేరు రావడంతో ఆల్బం చేద్దామనుకున్నారు. మదీనత్ ఖలీఫాలో ఒక విల్లా హాలు తీసుకున్నారు. చప్పుడు బయటికి పోకుండా గోడలకు చెక్కలూ దుప్పట్లూ బిగించే పని మా కంపెనీకి వచ్చింది. కంపెనీ అంటే అక్కడ నేనూ, కోరుట్ల నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ యూసుఫ్ భాయీ.

రికార్డింగు రోజున చప్పట్లు కొట్టేవాళ్ళలో ఒకడు రాలేదు. అక్కడి పాటకు చప్పట్లు లేకపోతే ఉప్పు లేని పప్పే. రికార్డు చేసే పెద్దాయన హాలంతా చూసి, నా అరచేతుల దగ్గర ఆగాడు. సుత్తి పట్టిన చేతులు, చేటలంత ఉంటాయి మరి.

“నిన్ను చప్పట్లు కొట్టుమంటుండు మల్లేశం” అని తెలుగులో చెప్పాడు యూసుఫ్ భాయ్.

“నేను గూడ క్యాసెట్ల పడ్తనా భాయ్?”

“పడ్తవు. నోరు మాత్రం తెరవొద్దట.”

మొదటి మాట నా గుండెలో దిగింది. రెండోది చెవి దాకా కూడా రాలేదు.

అప్పట్లో అందరూ ఒక్కసారే పాడాలి, ఒక్కసారే వాయించాలి. ఒకడు తప్పితే అందరూ మళ్ళీ మొదటికి రావాలి. పాట మొదలైంది. కుర్రాడు ఒక చరణం పాడి ఆపాడు. అక్కడ ఉత్త చప్పట్లే రావాలి. కానీ చూడండి, నా ముందు ఖాళీ! పదేళ్ళ అలవాటు! అర్థం తెలియని ఆ అరబ్బీ చరణాన్ని గుక్క తిప్పుకోకుండా అందుకున్నాను. మేకు తగిలిన రంపంలా డోలు చప్పుడు ఆగిపోయింది.

“లా! లా! కలాం మాఫీ!” అని పెద్దాయన కేక.

“అరె మల్లేశం, చేతులే అంటుండు! నోరు బంద్!” పక్కనే నిలబడ్డ యూసుఫ్ భాయ్ అరిచాడు.

రెండోసారి పెదవులు బిగించాను. ఖాళీ రాగానే అవి వాటంతటవే విడిపోయాయి.

“నీ కాళ్ళు మొక్కుత, జర ఊకో తమ్మీ!”

“ఆయిన పాడి ఆపిండు భాయ్. అందుకోకుంటె ఏమనుకుంటడు?”

“అందుకుంటె సంపుతడు!”

మూడోసారి ఎవరో ఉపాయం చెప్పారు, నా నోట్లో నీళ్ళు పోశారు. బుగ్గలు పూరీల్లా ఉబ్బాయి. ఖాళీ వచ్చింది. చరణం గొంతులోంచి బయల్దేరి నీళ్ళను గుద్దుకుంది. గుడగుడగుడ మని పుక్కిలింత, ఆపైన మైకు మీద వాన. నాలుగోసారి యూసుఫ్ భాయ్ నా నోరు చేత్తో గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. అతను పొద్దున తిన్న ఎండుచేపల వాసన పీలుస్తూ పాట పూర్తయ్యేదాకా చప్పట్లు కొట్టాను. “ఖలాస్!” అన్నాడు పెద్దాయన. ఆల్బంలోకి ఎక్కింది ఆ పాటే. అందులో నా గొంతు లేదు.

నా ముఖం చూసి పెద్దాయన కరిగాడు. పాడైపోయిన పాటలన్నీ ఒక క్యాసెట్టులోకి ఎక్కించి, “ఇందులో నీ గొంతు ఉంది” అని ఇచ్చాడు, నవ్వుతూ. అది మెచ్చుకోలు నవ్వనుకున్నాను. చెక్కను చిత్రిక పట్టినట్టు తిట్లన్నీ గీకేసి, పాట మాత్రం ఉంచి ఉంటాడనుకున్నాను. మర్నాడే మా పక్క ఊరివాడు సెలవు మీద పోతుంటే వాడి చేతిలో పెట్టాను. ఒక్కసారి విని పంపుదామన్న ఆలోచన రాలేదు. పాడింది నేనే, మళ్ళీ వినడమెందుకు!

రెండు నెలలకు ఊరి నుంచి జవాబు క్యాసెట్టు వచ్చింది. ఘనంగా క్యాంపులో అందరినీ కూర్చోబెట్టి పెట్టాను. ఇది నా రెండో తెలివి.

మొదట గంగారాం: “బావా, మైకుసెట్టు తెప్పించినం. ఊరంత కూసున్నది. ‘నోరు బంద్’ అన్నకాడ పిల్లలు దొర్లిర్రు. గుడగుడ అన్నకాడ సర్పంచి గూడ దొర్లిండు!”

తర్వాత రాజవ్వ: “నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్ళచ్చినయి. నీ గొంతే. ఏం మారలే.” చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది.

చివర ఎల్లయ్య తాత దగ్గి, తీర్పు చెప్పాడు: “మల్లిగా, నీ జాగ నీదే. నీళ్ళు పోసినా ఆగని గొంతు గంగారాం ఏడికెల్లి తెస్తడు? కని ఒక్క మాట. నువ్వొచ్చేటప్పుడు ఆ యూసుఫ్ భాయ్‌ని గూడ తోలుకరా. నిన్ను ఎట్ల ఆపాల్నో తెల్వక పదేండ్ల సంది మేం సస్తున్నం.”

క్యాంపు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. నేను లేచి నిలబడి, నా రెండు అరచేతుల మీద ఒట్టేశాను: “ఇకమీదట వినకుండ ఏ క్యాసెట్టూ పంప. చప్పట్లకు పిలిస్తే చప్పట్లే కొడుత. ఎంత ఖాళీ కనవడ్డా సరే, నా గొంతు...”

యూసుఫ్ భాయ్ చెయ్యి ఎత్తాడు. నేను నోరు మూసుకున్నాను.