కుళాయి పెద్దమ్మ

మా సందు మొత్తానికి ఒకటే కుళాయి. దాని దగ్గర పెత్తనమంతా పెద్దమ్మదే. మిల్లులో యంత్రాల హోరు మధ్య ఏళ్ల తరబడి పనిచేసి చెవులు పోగొట్టుకుంది, నోరు మాత్రం భద్రంగా ఇంటికి తెచ్చుకుంది. వరస తప్పితే ఎంతటివాడి మీదైనా ఒంటికాలి మీద లేచేది.

జబ్బు రోజులొచ్చాయి. ఎవరికి ఫోన్ చేసినా ముందు చేతులు కడుక్కోమనే పాఠం. చేతులు కడుక్కోవాలంటే మేం ముందు భుజాలు రాసుకుంటూ వరసలో నిలబడాలి. రోడ్డుకి అవతల అపార్ట్‌మెంట్లో గదికో కుళాయి ఉంది. అక్కడ ఒకరిద్దరికి సోకింది. మా సందులో సోకని ఇల్లే లేకుండా పోతోంది. మా వల్ల వాళ్లకి రాకూడదని మా సందుకే కర్రలు అడ్డం కట్టారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పటికి పెద్దమ్మ కోడలికి నెలలు నిండుతున్నాయి.

"ఇంతమంది చేతులు పడబట్టే ఇదంతా. రేపట్నించి కుళాయి నేనొక్కదాన్నే తిప్పుతా. బిందె పెట్టి అవతలికి జరగండి. నా ఇంట్లో బిడ్డ పుట్టేసరికి ఈ జబ్బు సందులో ఉండకూడదు" అని తేల్చేసింది. మాకూ ఆ మాట నచ్చింది.

ఎన్ని బిందెలో ఆమెకి చెప్పాలి కదా! పెదాలు కనబడితేనే ఆమెకి మాట తెలిసేది. "మూతి మీద గుడ్డ తియ్యవే, ఏం గొణుగుతున్నావో నాకేం తెలుసు?" అని కసిరేది. మాస్కు కిందికి లాగి, ఆమె ముఖం మీదికి వంగి, "రెండు, పెద్దమ్మా!" అని అరిచేవాళ్లం. పనిలో పనిగా ఇంటి సంగతులూ చెప్పుకునేవాళ్లం. మా భయమంతా చేతుల గురించే.

ఆమెకి జ్వరం వచ్చింది. వేరే గదిలో ఉండమని డాక్టరు ఫోన్లో చెప్పాడట.

"ఉన్న ఒక్క గది ఇంకో గదిని కంటుందా?" అని నవ్వింది. కోడలికి దూరంగా సందు చివర టార్పాలిన్ కట్టించుకుని పడుకుంది. ఆయాసం ఎక్కువయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్లారు. మళ్లీ రాలేదు. మనవరాలు పుట్టిన కబురు ఆమెకి చేరిందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

కుళాయి దగ్గర ఇప్పుడు ఆమె కొడుకు నిలబడ్డాడు. నేను అలవాటుగా మాస్కు కిందికి లాగబోయాను.

"వద్దక్కా, వేళ్లు చూపించు చాలు."

రెండు వేళ్లు చూపించాను. తల ఊపి కుళాయి తిప్పాడు. బిందె నిండుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. పెద్దమ్మకి ఇలా వేళ్లు చూపించినా సరిపోయేది. సందులో ఒక్కరికీ తట్టలేదు.