గొంగడి బొమ్మ చంకలో జాజు గుర్తు

మా చిన్నప్పుడంటే మరీ పాతకాలమేమీ కాదు... తెలంగాణ వచ్చిన కొత్త. కోస్గి దగ్గర మా ఊరి బడికి నాలుగు కంప్యూటర్లు వచ్చాయి. తొమ్మిదో తరగతి వాళ్లమంతా వాటి చుట్టూ ఈగల్లా మూగేవాళ్లం.

మాది గొర్రెల మంద ఉన్న ఇల్లు. వాన పడితే అవ్వ గొంగడినే నెత్తిన కప్పుకుని బడికి పోయేదాన్ని. అలా పోయిన ఒకరోజు నా పక్క కంప్యూటర్ దగ్గర కూర్చునే వంశీ ముక్కు మూసుకున్నాడు.

"జర దూరం కూసో మంజులా. గొర్ల వాసన గొడ్తాంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు నటించాను. ఆ మాటను మాత్రం మడిచి లోపల పెట్టుకున్నాను...

ఆ ఏడాది కంప్యూటర్ సార్ మాకొక పని చెప్పారు. ఆటల్లో కనిపించే డబ్బాల మనిషి బొమ్మకు మన ఊరి బట్టలు తొడగాలి. బాగా చేసిన ఒక్కరిని జిల్లా సైన్స్ ప్రదర్శనకు తీసుకుపోతారు. అప్పటికి నేను కోస్గి దాటి ఎరగను. ఎలాగైనా పోవాలనుకున్నాను.

బొమ్మకు బట్టలంటే కుట్టడం కాదు. టెంప్లేట్ అని ఒక మూస దొరకాలి. టైలర్ ముక్కలు కత్తిరించి పరిచినట్టు తల, ఛాతీ, వీపు, చేతులు అన్నీ విప్పి పరిచిన గళ్లు ఉంటాయి అందులో. ఏ గడిలో ఏం అతికిస్తే బొమ్మ ఒంటి మీద అక్కడ అది కనిపిస్తుంది. ఆ మూస కోసం వారం వెతికాను. నెట్ పావుగంట వస్తే గంట పోయేది. దొరికినవి కూడా మా బొమ్మకు కుదిరేవి కావు... కన్ను వచ్చి మోచేతి మీద కూర్చునేది.

చివరికి సరైనది దొరికింది. అవ్వ గొంగడిని ఎండలో పరిచి నాయిన ఫోన్‌తో ఫోటో తీశాను. నల్ల ఉన్ని నేత, తెల్ల అంచు... ముక్కలు చేసి గళ్లలో అతికించాను. గొంగడికి చేతులుండవు, మూసకేమో ఉన్నాయి. చేతుల మీదికి కూడా గొంగడి అంచే జారినట్టు చేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఫోన్లో అవ్వకు చూపించాను.

"మంచిగున్నది. గుర్తు పెట్టినవా మరి?" అంది.

మా గొర్రెలకు అవ్వ ఎర్రమట్టి జాజు నీళ్లలో కలిపి నెలవంక, దాని కింద రెండు చుక్కలు పెట్టేది. వీపు మీద ఒకటి, ముందుకాలు ఎత్తి సందులో ఇంకొకటి.

"వీపు మీదిది మంది జూడనీకి బిడ్డ. దొంగ బొచ్చు కత్తిరిస్తే పోతది. కాలు సందుది మనకు. ఆడ ఎవడు జూడడు."

మర్నాడు బొమ్మ ఎడమచేతి లోపలి గడిలో, సరిగ్గా చంక దగ్గర, చిన్న నెలవంక, రెండు చుక్కలు వేశాను. చెయ్యి దించి ఉన్నంతసేపు కనిపించదు. ఫైలుకు 'అవ్వ' అని పేరు పెట్టి బడి కంప్యూటర్లోనే వదిలేశాను. అదే నేను చేసిన తప్పు...

ఎంపిక రోజు చూస్తే నా ఫైలు లేదు. వంశీ తెర మీద మా అవ్వ గొంగడి.

"మా ఇంట్ల పాత గొంగడి ఉండె సార్. అది జూసి నేనే జేసిన" అంటున్నాడు. వాసన కొట్టిన గొంగడి, వాళ్లింటిదైపోయింది.

అప్పుడే లేచి చెప్పొచ్చు. చెప్పలేదు. హెడ్‌మాస్టర్ గారు వచ్చేదాకా ఆగాను. ఆయన వంశీ భుజం తట్టేదాకా, అందరూ చప్పట్లు కొట్టేదాకా ఆగాను. పడేవాడు బాగా ఎత్తునుంచే పడాలని నా కోరిక. అప్పుడు లేచాను.

"సార్, ఆ బొమ్మను ఒక్కసారి చేతులు లేపమనుండ్రి."

సార్ మీట నొక్కారు. బొమ్మ చేతులెత్తింది. చంకలో ఎర్ర నెలవంక.

"ఇదేంది వంశీ?"

"అది... డిజైన్ సార్."

"దేని డిజైన్?"

 నేను కిటికీలోంచి చూపించాను. బడి వెనక కోసిన జొన్న చేలో మా మంద మేస్తోంది.

"మా అవ్వ ఆడనే ఉన్నది సార్. ఒక గొర్రె ముందుకాలు లేపి జూడుండ్రి."

బడి బడంతా చేలోకి కదిలింది. అవ్వకు ఏమీ అర్థం కాలేదు. అయినా సార్ అడగ్గానే ఒక గొర్రెను పట్టి కాలు ఎత్తింది. అదే నెలవంక, అవే చుక్కలు...

"ఏమైంది బిడ్డ, ఎవడన్న ఎత్కపోయిండా?"

"ఎత్కపోయిండవ్వా. దొరికిండు."

వంశీ ముఖం చూశాను. కడుపు నిండింది. జాలి పడలేదు, ఇప్పుడూ పడను.

ఏం శిక్ష వేయాలని సార్ నన్నే అడిగారు. కొట్టొద్దన్నాను. ప్రదర్శనలో బొమ్మ పక్కన అసలు గొంగడి పెడదాం, దాన్ని వంశీ మోసుకురావాలన్నాను. ముందురోజు వానలో అవ్వ కప్పుకున్న గొంగడి అది, ఇంకా తడి ఆరలేదు. బస్సులో దారి పొడుగునా వాడి ఒళ్లోనే ఉంది. నేను కిటికీ పక్కన కూర్చుని, "జర దూరం జరుగు వంశీ, వాసన గొడ్తాంది" అన్నాను. ఎన్ని నెలలు దాచుకున్నానో ఆ మాటను...

ఇప్పుడు షాద్‌నగర్ నుంచి రోజూ హైదరాబాద్ పోయి ఆటల బొమ్మలకు బట్టలు వేయడమే నా ఉద్యోగం. వారం వెతికిన మూసలు ఇప్పుడు క్షణంలో వచ్చి పడతాయి. గొంగడి నేత కూడా తయారుగా దొరుకుతుంది... ఒంటికి గుచ్చుకోని గొంగడి. మంద అమ్మేశాం. అవ్వ పోయి మూడేళ్లు. కాలెత్తి చూపిద్దామంటే గొర్రె లేదు, ఎత్తే ఆ చెయ్యీ లేదు.

మొన్న వంశీ మెసేజ్ పెట్టాడు. "మనం జేసిన గొంగడి బొమ్మ ఫైల్ ఉన్నదా మంజులా? మా ఆఫీసుల జూపిస్త."

మనం చేసిందట...

పంపాను. చంకలో గుర్తు తుడిచేసే పంపాను. ఇంకో చోట వేసి.

మీ ఇళ్లలో గొర్రెలకు, మేకలకు ఏం గుర్తు వేసేవాళ్లు? కింద రాయండి... ఎక్కడ వేసేవాళ్లో మాత్రం రాయకండి. వంశీ ఇవన్నీ చదువుతుంటాడు.