పెళ్లికొడుకును నడవమన్నాను

రెండువేల నాలుగు ప్రాంతంలో, పి.గన్నవరంలోని మా ఇంట్లో మనవరాలికి పెళ్లిచూపులు జరిగాయి. అబ్బాయి ఇంగ్లండులో పుట్టి పెరిగినవాడు. రగ్బీ అనే బంతాట ఆడినందుకు అక్కడి క్లబ్బు జీతమిస్తుందన్నారు. ఆటకు జీతమేమిటని నాకు మొదటినుంచీ అనుమానమే. వీధిబడి దాటనివాణ్ణయినా పాత పేపర్లన్నీ తిరగేసి, ఆ ఆటలో మోకాళ్లు దెబ్బతింటాయని తెలుసుకున్నాను.

వచ్చిన అబ్బాయి చెవులు మడతకాజాల్లా నలిగి ఉన్నాయి. కూర్చునేటప్పుడు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“బాబూ, ఓసారి గుమ్మందాకా నడిచి రండి,” అన్నాను.

పక్క కుర్చీలో ఉన్న అతని మేనమామగారికి కోపం వచ్చింది. “మగపిల్లాణ్ణి నడవమంటారేంటండీ, ఎక్కడైనా ఉందా?”

“నలభై ఏళ్ల కిందట మా చెల్లిని పెళ్లిచూపుల్లో మూడుసార్లు నడిపించేరండి. అప్పుడెవరూ ఈ మాట అనలేదండి.”

ఆయన ఇంకేదో అనబోతుంటే అబ్బాయే లేచి నడిచాడు. కుడికాలు ఈడుస్తున్నాడు.

“మోకాలు పోయిందండి,” అన్నాడు వచ్చీరాని తెలుగులో. “వచ్చే ఏడు ఆడలేను. ఆడకపోతే జీతం ఇవ్వరు. ముందే చెబుదామంటే మావయ్య వద్దన్నారు.”

దొంగను పట్టేశానని మావాళ్లకేసి గర్వంగా చూశాను. మనవరాలు తలెత్తింది.

“మీరు కాలు గురించే అడిగేరు తాతయ్యా. జీతం పోతుందని ఆయనంతట ఆయనే చెప్పేరు. నాకిష్టమే.”

ఆ పెళ్లే జరిగింది. అతనిప్పుడు ఇంగ్లండులోనే పిల్లలకు ఆట నేర్పుతూ బతుకుతున్నాడు.

నడవమన్నందుకు నేనేమీ సిగ్గుపడటం లేదు. కాకపోతే అనుమానించవలసిన మనిషి పక్క కుర్చీలో ఉన్నాడని ఆలస్యంగా తెలిసింది. ఆ మేనమామగారు ఇప్పటికీ నవ్వుతూ పలకరిస్తే, ఏం దాస్తున్నారోనని చూస్తుంటాను.